శ్రీకి పన్నెండు బైట్లు

సముద్రానికి కట్ట కట్టిన 41వ ఏడు. శ్రావణ బహుళ షష్ఠి, బుధవారం. ఉక్కపోత, ఆకు కదలడం లేదు. పొద్దున్నే మూడో గేటు పళ్ళచక్రాలకు గ్రీజు పట్టించాను. సోలారు పలకల మీద పేరుకున్న ఉప్పు గీకితే రెండు బకెట్లు వచ్చింది.

మధ్యాహ్నం పోటుకి అయిదు గేట్లు మూసుకున్నాయి. అయిదూ తమ తమ పెద్దల బిరుదులు మైకులో పూర్తిగా చదివి మరీ మూసుకున్నాయి. సముద్రం ఓపిగ్గా విన్నది.

స్టాకులో చెరగని ముగ్గు: 4,692 బైట్లు.

ఈ పుస్తకం వారానికోసారి కట్ట కమిటీ కార్యదర్శి కామేశం మాస్టారి దగ్గరికి వెళుతుంది. ఆయన తిథి, వారం సరిపోయాయో లేదో చూసి ముద్ర వేస్తారు. లోపల ఏముందో చదవరు. పదకొండేళ్ళుగా నేను ఇంత ధైర్యంగా రాసుకోగలగడానికి కారణం ఆయన చదవకపోవడమే.

నా తర్వాత ఈ గదికి వచ్చేవాళ్ళ కోసం ముగ్గు సంగతి ఒక్కసారి రాసి పెడతాను. నాకు ఎవరూ చెప్పలేదు. గదిలో దొరికిన తడిసిన మాన్యువల్ ఎండబెట్టుకుని నేర్చుకున్నాను. పద్నాలుగు గేట్లనూ ఒకే పాత యంత్రం నడుపుతుంది. దాని నడిబొడ్డున ఉండే ప్రోగ్రాం కెర్నెల్. కెర్నెల్ గేటుతో మాట్లాడాలంటే మధ్యలో డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రాం కావాలి. ఆ డ్రైవర్లు రాసేది, బాగుచేసేది నేను. పని జరుగుతున్నంతసేపూ సామాను పెట్టుకోవడానికి కెర్నెల్ ఒక బల్ల ఇస్తుంది. దాన్నే స్టాక్ అంటారు. 8,192 బైట్లు. పెరగదు. కమిటీ అధ్యక్షులు స్వయంగా వచ్చి అడిగినా పెరగదు. నిండితే నిండిందని చెప్పదు కూడా. మిగతా సామాను పక్కనున్న దాని మీద పడుతుంది. మన యంత్రంలో పక్కన ఉన్నది, ఏ గేటు ఎన్ని అడుగులు దిగిందో రాసి ఉండే పట్టిక.

అందుకని రోజూ పొద్దున బల్లంతా ఒకే గుర్తుతో, ముగ్గు పెట్టినట్టు నింపుతాను. పోటు తీశాక ఎంతవరకు చెరిగిందో చూస్తాను. చెరగకుండా మిగిలిందే పైన రాసిన అంకె.

సప్తమి, గురువారం. మబ్బు పట్టింది, కురవలేదు. సభకు నలభై కుర్చీలు వేసి, మైకు తీగ అతికించాను.

ప్రతి గురువారం సన్మానం. పద్నాలుగు గేట్లకూ పద్నాలుగు మంది పెద్దల పేర్లు పెట్టారు. అర్హతను బట్టి ఎన్నిక జరిగింది. అర్హులైన పద్నాలుగురి ఇంటిపేరూ మేడిశెట్టి అయింది. ఈ ఊళ్ళో అర్హత ఒకే ఇంట్లో కాపురం ఉంటుంది.

ఇవాళ అధ్యక్షులు మేడిశెట్టి ధర్మారావు గారికి కొత్త బిరుదు చేరింది. ఇదివరకు ఆయన శ్రీశ్రీశ్రీ కట్టకేసరి, జలస్తంభన ధురంధర. ఇకనుంచి లవణాంబుధి గర్వభంజన కూడా. బిరుదులన్నీ కామేశం మాస్టారే అల్లుతారు. యంత్రంలో తెలుగు అక్షరానికి మూడు బైట్లు, గుణింతానికి ఇంకో మూడు, ఒత్తయితే ఆరు. ఒక్క శ్రీకి పన్నెండు. మూడు శ్రీలు కొట్టేసరికి ముప్పై ఆరు బైట్లు అయిపోతాయి, అప్పటికింకా మనిషెవరో తెలియదు.

పేరుకు ఇప్పటిదాకా 384 బైట్ల చోటు ఇచ్చాం. అది చాలడం లేదు.

"గవర్రాజు గారూ, అయిదొందల పన్నెండు చేసెయ్యండి" అన్నారు కామేశం మాస్టారు. "పద్నాలుగింటికీ సమానంగా చెయ్యండి. ఒకరికి పెద్దపీటేసి ఒకరికి చిన్నపీటేశారన్న మాట రాకూడదండి."

నేను లేచి నిలబడ్డాను. కుర్చీ సర్దడానికనుకుని ఎవరూ పట్టించుకోలేదు.

"పేర్లు బయట ఒకచోట భద్రంగా ఉంచి, అవి ఎక్కడున్నాయో చెప్పే చీటీ మాత్రం గేటు లోపలికి పంపితే చాలండి. చీటీకి ఎనిమిది బైట్లే. మైకులో పేరు ఇప్పటిలాగే పూర్తిగా వినబడుతుంది."

సభలో నేను ఇంత పొడుగ్గా మాట్లాడటం ఇదే మొదలు.

ధర్మారావు గారు శాలువా సర్దుకున్నారు. "ఏవయ్యా గవర్రాజూ, మీ ఇంట్లో పెళ్ళయితే నన్ను చీటీ పంపి పిలుస్తావా?"

"నాకింకా పెళ్ళి కాలేదండి."

అందరూ నవ్వారు. "అదీ సంగతి! బొట్టెట్టి పిలవడమంటే తెలీని మనిషివి. గుమ్మంలోకి మనిషి స్వయంగా రావాలయ్యా. నా పేరు బయట కూచోబెట్టి, చీటీముక్క లోపలికి పంపుతావా? నేనేవన్నా వాకిట్లో కూచునే మనిషినా?"

చప్పట్లు. గేటులోకి పేరు వెళ్ళడమంటే ఆ మనిషి స్వయంగా వెళ్ళినట్టేనని, చీటీలు పనికిరావని తీర్మానం రాసుకున్నారు. కుర్చీలు మడిచి గోదాములో పెట్టాను.

చెరగని ముగ్గు: 4,692.

నవమి, శనివారం. గాలి పడమర నుంచి. అల గంట మీద పట్టిన నత్తగుల్లలు గీకాను. పెద్ద అల తగిలితే యంత్రానికి కబురు చెప్పేది ఆ గంటే. కబురు వచ్చినప్పుడు దానికీ అదే బల్ల మీద 600 బైట్లు కావాలి.

గోదాములో ఉన్న విడి యంత్రం మీద, అసలు గేట్లు కదలకుండా, పద్నాలుగింటికీ ధర్మారావు గారి కొత్త పేరే 512 బైట్లలో పెట్టి మూసి చూశాను. రోజూ మూసేది అయిదే. వచ్చే అమావాస్య పొద్దున ఏడాదిలోకెల్లా పెద్ద పోటు. ఆ రోజు పద్నాలుగూ మూయాలి.

ఒకటి మూసుకుని వెళ్ళిపోయాక ఇంకోటి మూసుకుంటే బల్ల ఎప్పటికప్పుడు ఖాళీ అయ్యేది. కానీ చిన్నవాళ్ళ పని కాకుండా పెద్దవాళ్ళు లేచిపోవడం మర్యాద కాదని మూడేళ్ళ కిందటే కమిటీ తేల్చింది. కాబట్టి ఒకటో గేటు రెండోదాన్ని పిలిచి, దాని పని అయ్యేదాకా సామాను బల్ల మీదే ఉంచుకుని నిలబడుతుంది. రెండోది మూడోదాన్ని పిలిచి నిలబడుతుంది. పద్నాలుగో గేటు వచ్చేసరికి పద్నాలుగు పేర్లూ ఒకే బల్ల మీద ఉంటాయి.

కెర్నెల్ సొంత సామాను 1,100. గేటుకు పేరు 512, పనిముట్లు 96, కలిపి 608. పదకొండు గేట్లకు బల్ల సరిపోయింది. పన్నెండోది అంచు దాటింది.

పన్నెండు, పదమూడు, పద్నాలుగు గేట్లు చూసే నూకరత్నం అప్పుడు పక్కనే ఉంది. ఆ మూడు గేట్ల వెనకే దిగువ వీధి, అరవై రెండు ఇళ్ళు. మొదటి ఇల్లు ఆమెదే.

"పన్నెండోది ఎంత దిగిందంటుందండి అన్నయ్యగారూ?"

పట్టిక తెరిచి చూపించాను. అడుగులు ఉండాల్సిన చోట "భంజ" అని ఉంది.

"భంజ అడుగులేంటండీ?"

"గర్వభంజనలో భంజ. బల్ల మీద చోటు చాలక ఇక్కడ పడింది. గేటు అది చూసుకుని, మొత్తం దిగిపోయాననుకుని సగంలో ఆగింది."

"హెచ్చరిక గంట మోగదా?"

"మోగదు. యంత్రం లెక్కలో అంతా సవ్యంగానే ఉంది."

"సగంలో ఆగితే మా వీధిలోకి ఎన్ని అడుగులొస్తాయండి?"

"నాలుగు."

"మా అత్త మంచం ఎత్తు రెండడుగులండి." ఆవిడకు కాళ్ళు పడిపోయి ఆరేళ్ళు. నూకరత్నం కొంగు బొడ్లో దోపుకుంది. "పోన్లెండి. ధర్మారావు గారి బిరుదులు మైకులో వింటా మునుగుతాం. ఊరికే మునగడం కంటే గొప్పే కదండీ."

ఆమె వెళ్ళాక చీటీ డ్రైవర్ రాసి, విడి యంత్రం మీద నడిపి చూశాను. పద్నాలుగూ పూర్తిగా దిగాయి. అసలు యంత్రంలో పెట్టలేను. కార్యదర్శి ముద్ర లేని డ్రైవర్ని అది తీసుకోదు. ముద్ర కమిటీది, యంత్రంలో పెట్టే చెయ్యి మాత్రం నాది.

ఏకాదశి, సోమవారం. వేడి. సాయంత్రం నాలుగు చినుకులు. ఎనిమిదో గేటు తీగ మార్చాను.

లెక్కంతా కాగితం మీద రాసి కమిటీకి ఇచ్చాను. అమావాస్యకు దిగువ వీధినైనా ఖాళీ చేయించమన్నాను. రెండు గంటల్లో జవాబు వచ్చింది. ఈ కమిటీ ఇంత తొందరగా జవాబివ్వడం నేనెరగను. అంశాలు:

రోజూ బల్ల సగానికి పైగా ఖాళీగా ఉంటోందని నా కాగితంలోనే ఉందట. సగం ఖాళీ బల్ల చాలదనడం అధైర్యమట. వీధి ఖాళీ చేయిస్తే బిరుదులకు అప్రతిష్ఠట. ముందుజాగ్రత్తగా దిగువ వీధివారు పచ్చళ్ళు, సర్టిఫికెట్లు అటక మీద పెట్టుకోవచ్చట.

అత్తగార్ల సంగతి రాయలేదు.

త్రయోదశి, బుధవారం. వాన. గది కప్పు రెండు చోట్ల కారింది, డబ్బాలు పెట్టాను.

512 డ్రైవర్‌కు ముద్ర పడి వచ్చింది. పదకొండు గంటలకు యంత్రంలో పెట్టాను. చెప్పిన పని చేశాను. మధ్యాహ్నం అన్నం కాకులకు వేశాను. ఉప్పుచేప బాగా లేదేమో.

చెరగని ముగ్గు: 4,052. అయిదు గేట్లకు.

చతుర్దశి, గురువారం. వాన తెరిపి ఇచ్చింది. కుర్చీలు తుడిచి వేశాను.

పొద్దున నూకరత్నం గేటు తాళాలకు వచ్చి, తీసుకోకుండా నిలబడింది.

"ధర్మారావు గారి తమ్ముడి కోడలికి నిన్న ఆడపిల్ల పుట్టిందండి. కాన్పు చేసింది మా పిన్నత్త. పైకి చెప్పొద్దన్నారంట."

"ఎందుకు?"

"పురుడు కదండీ మరి. చెబితే పదకొండో రోజు దాకా శాలువా కప్పించుకోడానికి లేదు. ఇవాళ సన్మానం, రేపు పెద్దపోటుకి కట్ట మీద కొబ్బరికాయ."

"ఆ ఇంటిపేరు వాళ్ళందరికీ పురుడేనా?"

"ఇంటిపేరు మొత్తానికండి. అదేంటి, మీకు ఇవేమీ తెలీవా?" అని, ఆగి, నా మొహంలోకి చూసింది. తర్వాత తాళాలు తీసుకుని వెళ్ళిపోయింది. నేను గదిలోకి వెళ్ళి చీటీ డ్రైవర్ ఉన్న బిళ్ళ జేబులో వేసుకున్నాను.

సభలో కామేశం మాస్టారు శాలువా విప్పి పట్టుకుని, ధర్మారావు గారి భుజాల దాకా తెచ్చారు. అప్పుడు లేచింది నూకరత్నం.

"అధ్యక్షులవారికి శుభాకాంక్షలండీ! మనవరాలు పుట్టిందంటగా, తాతగారయ్యారు!"

శాలువా గాల్లోనే ఆగింది. ఆడవాళ్ళ వరసలో ఒక ముసలమ్మ గట్టిగానే అంది. "పురుడొచ్చిందా? మరి పొద్దున్నుంచీ అందర్నీ ముట్టుకుంటన్నాడేంటి?"

"అంటే... అది ఇంకా సరిగా తేలలేదు" అన్నారు ధర్మారావు గారు.

"పిల్ల పుట్టడం తేలకపోవడమేంటండీ బాబూ! మూడు కేజీలుందంట, ఏడిస్తే మా వీధి దాకా ఇనబడింది" అంది నూకరత్నం.

కామేశం మాస్టారు శాలువా మడిచారు. ఆయన శాస్త్రం తెలిసిన మనిషి. పైగా నలుగురూ చూస్తున్నారు. "పదకొండో రోజు శుద్ధి అయ్యేదాకా ఆ ఇంటిపేరు వారు శుభకార్యానికి గుమ్మం లోపలికి రాకూడదండి. అంతే మరి."

నేను లేచాను. "పేర్ల సంగతేంటండి?"

"పేర్లేంటండీ?"

"గేటులోకి పేరు వెళితే మనిషి స్వయంగా వెళ్ళినట్టేనని కిందటి గురువారం తీర్మానించారు కదండీ. పద్నాలుగురికీ పురుడే. రేపు పెద్దపోటు."

కామేశం మాస్టారు తీర్మానాల పుస్తకం తీసి, తన చేతిరాత తానే చదువుకున్నారు.

"మైకు ఆపేయమంటారా?" అన్నాను.

"ఆపడమేంటయ్యా!" ధర్మారావు గారు కుర్చీలోంచి లేవబోయి, పురుడు గుర్తొచ్చి కాబోలు, కూర్చున్నారు. "నా పేరు లేకుండా పెద్దపోటా?"

"వాళ్ళు బయటే ఉండి చీటీ పంపితే దోషం ఉందో లేదో మాస్టారే చెప్పాలండి."

మాస్టారు కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకున్నారు. "చీటీకి దోషం లేదు."

"శుద్ధి అయ్యేదాకే!" అన్నారు ధర్మారావు గారు. "ఆ మర్నాడు నా పేరు వాకిట్లో కనబడ్డానికి లేదు. రాసుకోండి."

రాసుకున్నారు. ముద్ర వేశారు. అయిదు గంటలకు చీటీ డ్రైవర్ యంత్రంలో పెట్టాను. కుర్చీలు మడిచాను.

అమావాస్య, శుక్రవారం. ఎండ. తూర్పు గాలి బలంగా ఉంది. ఆరింటికే పద్నాలుగు గేట్ల గాడుల్లో ఇసుక తీశాము.

8.52కి పోటు పూర్తయింది. కట్టకు ఆవల పదకొండు అడుగులు. నీళ్ళలో మునిగిన పాత రాజోలు బస్టాండు మీదుగా వచ్చిన అలలు గంటకు తగిలాయి, గంట రెండుసార్లు కబురు పంపింది. పద్నాలుగు పేర్లూ మూడేసి శ్రీలతో, ఒక్క ఒత్తు తగ్గకుండా మైకులో వినబడ్డాయి.

పదకొండో గేటు దాకా నాకేమీ అనిపించలేదు. పన్నెండో పేరు మొదలయ్యాక చేతిలో పెన్ను పక్కన పెట్టాను.

నూకరత్నం ఫోన్ చేసింది. "దిగిందండి."

"పూర్తిగానా?"

"మట్టం కొట్టి చూశానండి. కింద చీమ దూరదు." కాసేపటికి మళ్ళీ: "పదమూడండి." తర్వాత: "పద్నాలుగండి. రాసుకుంటున్నారా అన్నయ్యగారూ?"

పెన్ను మళ్ళీ తీసుకుని, "రాసుకుంటున్నాను" అన్నాను.

దిగువ వీధిలో ఎవరింట్లోకీ చుక్క నీరు రాలేదు. నూకరత్నం అత్తగారు మంచం మీద కూర్చుని, ఉప్మాలో ఉప్పెక్కువైందని మధ్యాహ్నం దాకా సాధించిందట.

చెరగని ముగ్గు, పద్నాలుగు గేట్లకు, గంట కబురుతో సహా: 5,036.

భాద్రపద శుద్ధ విదియ, ఆదివారం. పలచటి మబ్బు. డబ్బాల్లో పట్టిన వాననీళ్ళు వడకట్టి, తొట్టిలో పోశాను.

కమిటీ నుంచి కాగితం వచ్చింది. పెద్దపోటు ఏ ఇబ్బందీ లేకుండా గడిచినందుకు బిరుదులకు కృతజ్ఞతలు. ఏమీ జరగలేదు కనుక, జరుగుతుందని నేను ఇచ్చిన లెక్క తప్పని తేలింది. ఇకమీదట సిబ్బంది ప్రజలను భయపెట్టే అంకెలు రాయరాదు. చీటీలతో గండం గడిచింది కదా అని ఎవరో అంటే, చీటీలు ఉన్నది మూడు రోజులు, బిరుదులు ఉన్నది ఇరవై ఏళ్ళు, ఏది కాపాడిందో మీరే చెప్పండి అన్నారట ధర్మారావు గారు.

పుట్టిన పాప పేరు కూడా ఒక గేటుకు పెట్టే ఆలోచన ఉందట. పదిహేనో గేటు లేదు. కట్టిస్తారట.

చెరగని ముగ్గు, అయిదు గేట్లకు: 6,572.

అష్టమి, శనివారం. ఎండ, మంచి గాలి. పొద్దున రెండో గేటు గొలుసుకు తుప్పు తీశాను.

ఇవాళ మేడిశెట్టి వారింట శుద్ధి. తొమ్మిదింటికి కామేశం మాస్టారు చెంబుతో పసుపునీళ్ళు, దాంతోపాటు ఆర్డరు కాగితం పంపారు. మధ్యాహ్నం పోటులోపు పేర్లన్నీ తిరిగి లోపలికి రావాలి. 512 డ్రైవర్‌కు ముద్ర ఉంది కాబట్టి కొత్తగా సభ అక్కర్లేదు. వచ్చే శనివారం పౌర్ణమి పోటు, మళ్ళీ పద్నాలుగు గేట్లు. పసుపునీళ్ళు యంత్రం మీద చల్లమన్నారు. గది గుమ్మం మీద చల్లాను.

పదకొండింటికి నూకరత్నం వచ్చింది. అత్త పంపిందని పులిహోర గిన్నె బల్ల మీద పెట్టింది.

"ఇవాళ పేర్లు లోపల పెట్టేస్తారంటగా?"

"పెట్టమన్నారు."

"పెట్టేది మీరేగా అండి?"

"నేనే."

"పెట్టినట్టు ఎవరు చూస్తారండి?"

"ఎవరూ చూడరు. మైకులో వింటారు. ఏ డ్రైవర్ పెట్టినా అదే వినబడుతుంది. పెట్టాక నేను పుస్తకంలో రాయాలి."

"మీరు రాయనిది ఏదీ లేదు కదండీ ఆ పుస్తకంలో. నత్తగుల్లలు కూడా రాస్తారు." గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "అబద్ధం రాస్తారా మీరు?"

"ఎప్పుడూ రాయలేదు."

"గిన్నె రేపు తీసుకుంటానండి" అని వెళ్ళిపోయింది.

పులిహోర తిన్నాను. గిన్నె కడిగాను. ఆరో గేటు బోల్టులు నాలుగు బిగించాను. 2.40కి పోటు. అయిదు గేట్లూ బిరుదులు పూర్తిగా చదివి మూసుకున్నాయి. కామేశం మాస్టారు కట్ట మీద నిలబడి చివరి అక్షరం దాకా విని, తృప్తిగా తల ఊపి, ఇంటికి వెళ్ళారు.

చెరగని ముగ్గు: 6,572. విదియ నాటి అంకే.

సోలారు పలకల ఉప్పు, ఒకటిన్నర బకెట్. మైకు తీగ మళ్ళీ అతికించాను. పేర్లను తిరిగి లోపలికి మార్చే పని రాయడానికి ఈ పేజీలో చోటు లేదు.